గువ్వలు దిగే చేను

టెక్సాస్‌లో వేట మొదలయ్యే సెప్టెంబరు 1 దగ్గరపడితే గువ్వల వేటగాళ్ల చూపంతా పొద్దుతిరుగుడు చేల మీదే.

గువ్వ కాళ్లు పొట్టి. కోడిలా నేల గీరి గింజ వెతకడం దానికి చేతకాదు. గింజ పైకే కనబడే బోడినేల కావాలి. అందుకే వసంతంలో విత్తిన పొద్దుతిరుగుడును రైతు ఆగస్టులో కొన్ని సాళ్లు నరికి పడేస్తాడు. రాలిన గింజలకు గువ్వలు గుంపులుగా వాలతాయి. పక్కనే గడ్డి లేని గట్టుతో చెరువుంటే మరీ మంచిది. ముక్కు ముంచి, తల ఎత్తకుండానే నీళ్లు పీల్చేస్తాయి.

ఇంతవరకూ చట్టబద్ధమే. బస్తాతో గింజలు తెచ్చి చల్లి వేటాడితే మాత్రం నేరం. పండిన చేనుకూ పరిచిన ఎరకూ మధ్య ఈ గీత సమంజసమైనదే. చల్లినవన్నీ ఏరేసినా 10 రోజులదాకా అక్కడ తుపాకీ పేల్చకూడదు. 1918 నాటి వలసపక్షుల చట్టం కింద వచ్చిన నిబంధనలివి. పైగా ఒక్కో వేటగాడికి రోజుకు 15 పిట్టలే.