విశ్వాసవీరుని మనస్సు

(మన తెలుగు క్రైస్తవ యువజనుల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)



మేము పండితులము కాము. మెట్రిక్యులేషను ముగించి అంగడిలో కూర్చున్నవారము. అయినను విశ్వాసవీరుని గూర్చి నాలుగు మాటలు చెప్పుమని యువజనులు కోరిరి గనుక, మాకు తెలిసినంతవరకు మనవి చేయుచున్నాము. క్రైస్తవేతర సోదరులును కొందరు దయచేసియున్నారు. ఈ మాటలలో వారికిని పనికివచ్చునది కొంత యుండునని తలంచుచున్నాము.

వీరుడనగానే మన తెలుగువారికి పల్నాటి బాలచంద్రుడు కన్నులకు గట్టును. కత్తియు గుఱ్ఱమును రణభేరియు మనస్సునకు వచ్చును. సువార్తలలో మాత్రము ప్రభువు శిష్యుడు కత్తి దూసిన సందర్భము ఒక్కటే కలదు. దానిని కొంచెము నిదానించి చూతము.

గెత్సేమనే తోటలో ప్రభువును పట్టుకొనుటకు జనులు వచ్చిన రాత్రి, పేతురు కత్తి దూసి, ప్రధానయాజకుని దాసుడైన మల్కు చెవిని తెగనరికెను. ప్రభువు కత్తిని ఒరలో నుంచుమని చెప్పి, ఆ దాసుని చెవిని ముట్టి బాగుచేసెను. తన శిష్యుడు చేసిన గాయమును తానే మాన్పెను. ఆ రాత్రియే, కోడి కూయకమునుపు, ఆ పేతురు చలిమంటయొద్ద ఒక పనికత్తె అడిగిన మాటకు వెఱచి, ప్రభువును ఎరుగనని బొంకెను. ఆయుధములు పట్టిన గుంపు మీదికి ఉరికినవానికి ఒక చిన్నదాని యెదుట కాళ్లు నిలువలేదు.

ఏల యిట్లు జరిగెను? కొంచెముసేపటికి ముందు, మెలకువగా నుండి ప్రార్థింపుమని ప్రభువు చెప్పగా, నిద్రించినవారిలో పేతురొకడు. ఆవేశము అప్పటికప్పుడు పుట్టును. ధైర్యము ముందుగా నిలువచేసికొనవలసిన సరకు. అక్కఱ పడిన గడియలో ఏ అంగడిలోను దొరకదు. పిమ్మట ప్రార్థనలో కనిపెట్టి బలపడిన ఆ పేతురే, ప్రధానయాజకుల సభయెదుట, చేత కత్తి లేకయే, వెనుదీయక మాటాడెను.

అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో సర్వాంగ కవచమును వర్ణించెను. అప్పుడతడు సంకెళ్లలో నుండెను. దట్టి, మైమరువు, జోడు, డాలు, శిరస్త్రాణము, ఖడ్గము అని ఆరింటిని చెప్పెను. వీనిలో ఖడ్గము తప్ప తక్కినవన్నియు కాచుకొనుటకైనవే. ఆ ఖడ్గమును దేవుని వాక్యమే. అచ్చట మరల మరల వచ్చు మాట "నిలువబడుట". రోమా సిపాయి చెప్పుల అడుగున ఇనుప మేకులుండెడివి. నేలను పట్టి, కాలు జారకుండ నిలుపుటకు అవి ఆధారము. పౌలు తన సిపాయికి తొడిగిన జోడు సమాధానమును గూర్చినది. శత్రువులు మనుష్యులు కారని కూడ అతడు స్పష్టముగా చెప్పెను.

డాలు సంగతియు గమనింపదగినది. రోమా సిపాయి పెద్ద డాలు చెక్కతో చేసి తోలు కప్పినది. సిపాయిలు డాళ్లను అంచునకు అంచు చేర్చి పట్టినయెడల, అది అందఱకును గోడయగును. ఒంటరివాడు ఎంత శూరుడైనను వాని ప్రక్కలు బయలే. అందుచేతనే కాబోలు, ఇంత చెప్పిన పౌలు చివరకు, తాను ధైర్యముగా మాటాడగలుగునట్లు తన కొఱకు ప్రార్థింపుడని వేడుకొనెను. సహాయమడుగుట వీరునికి సిగ్గు కాదు.

ఇట్టి మనస్సు మన కాలమునకు దగ్గఱగా ఒకనియందు కనబడినది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున 1919లో పుట్టిన డెస్మండ్ డాస్ సెవెన్త్‌డే ఎడ్వెంటిస్టు సంఘస్థుడు. 1942లో సైన్యమున చేరెను గాని, నరహత్య చేయనని తుపాకి ముట్టడయ్యెను. గాయపడినవారికి చికిత్స చేయు పని కోరుకొనెను. తోడి సిపాయిలు హేళన చేసిరి. అధికారులు కొందరు పంపివేయజూచిరి. అతడు ఎవరిని దూషింపక, తన పట్టు విడువక నిలిచెను.

1945 మే నెలలో ఒకినావా ద్వీపమున 400 అడుగుల కొండచఱియ మీద అతని దళము దెబ్బతినెను. తక్కినవారు వెనుకకు మఱలగా, డాస్ పైననే యుండి, గాయపడినవారిని ఒక్కొక్కరిని అంచువఱకు ఈడ్చి, త్రాటితో క్రిందికి దింపెను. ఆ త్రాటి ముడిని శిక్షణకాలముననే నేర్చియుండెను. రక్షింపబడినవారు 50 మందియని తానును, 100 మందియని ఇతరులును చెప్పగా, మధ్యగా 75 అని వ్రాసిరట. లాభమును తగ్గించి చెప్పు వర్తకులను మేము చాలమందిని ఎరుగుదుము. తన ఘనతను తగ్గించి చెప్పువాడు అరుదు. కొన్ని దినములకు తానే గాయపడినపుడు, తన్ను మోయుచున్న మంచమును అంతకంటె ఎక్కువ దెబ్బతిన్నవాని కిప్పించెను. తరువాత చేయి విఱుగగా, ఒక తుపాకి కఱ్ఱపిడిని బద్దగా కట్టుకొని, 300 గజములు ప్రాకిపోయెను. తుపాకి అతనికి ఆ విధముగా పనికివచ్చెను! ఆ యేటనే అధ్యక్షుడు ట్రూమన్ అతనికి మెడల్ ఆఫ్ ఆనర్ అను అత్యున్నత పతకము నిచ్చెను.

సోదరులారా, మనకు అట్టి కొండలు లేవు. వర్తకులమైన మాకు త్రాసుయొద్దనే యుద్ధము. తూకములో వ్రేలు వేయని మనస్సును చిన్న బేరములలో అలవఱచుకొననివాడు పెద్ద బేరములో నిలువడు.

మీ యుద్ధము వేఱు. మన బిడ్డలలో కొందరు ఫోనులో పందెములాడి, అప్పులు చేసి, ఇంట చెప్పుకొనలేక నలుగుచున్నారు. అట్టివాడొకడు ఇల్లు విడిచిపోయినపుడు వెదకబోయినవారిలో మేమునుంటిమి. దొరకిన పిమ్మట వాడు చెప్పినది విని మా కడుపు తరిగిపోయెను. అప్పులవానికంటె తండ్రి మొగమునకే వాడు ఎక్కువ భయపడెనట. వాని ప్రక్క డాలు పట్టి నిలిచినవాడు ఒక్కడును లేకపోయెను.

కావున యువజనులకు మా విన్నపము: ముగ్గురేసి జతకూడుడు. వారమునకొకమారు కలిసి ప్రార్థించి, ఒకరి లెక్క ఒకరికి దాపరికము లేక విప్పి చెప్పుకొనుడు. తప్పు చిన్నదిగా నున్నపుడే చెప్పుట నేర్చుకొనుడు. పెద్దలకు మా విన్నపము: బిడ్డ తలవంచుకొని నిజము చెప్పవచ్చినపుడు కేకలు వేయక, మొదట అన్నము పెట్టుడు; లెక్క తరువాత చూడవచ్చును. వాడు నిజము చెప్పుటకు ఎంత ధైర్యము కూడదీసికొని వచ్చెనో తలంపుడు.

ఇంట చెప్పుకొనలేనివారు మా యొద్దకు రండి. అంగడి తలుపు రాత్రి మూయుదుము గాని, ఇంటి తలుపు మీ కొఱకు తెఱచియే యుండును.

ప్రభువు మనలనందఱను నిలువబెట్టును గాక. సెలవు.