సముద్రతీరమున నీడగడియారము



మన పల్లెలలో పొలిమేరలందును, చెరువుగట్లమీదను పాతకాలపు శిలలు కొన్ని కానవచ్చుచుండును. వానిమీద కత్తియు డాలును ధరించిన మనుష్యుని రూపు చెక్కియుండును. వానిని వీరగల్లులందురు. పసులమందను కాచుటకో, ఊరిని రక్షించుటకో పోరి నేలకొరిగినవారి గురుతులవి. పల్నాటి కారెంపూడిలో నేటికిని కార్తికమాసమున వీరుల ఉత్సవము జరుగుచున్నది. ఆయుధము పట్టి మరణించినవానికి ఱాయి నాటుట మన పెద్ద లెరిగిన ధర్మమే. కాని ఆయుధ మెరుగక, ఎవరితోడను పగ లేక, తమ దారిని తాము పోవుచు చంపబడినవారి మాట యేమి? వారికెవరు ఱాయి నాటవలెను? ఈ ప్రశ్నకు దూరదేశమున సముద్రపుటొడ్డుననున్న కొందరు పల్లెవాసులు తమ చేతలతో ఉత్తరము చెప్పిరి. ఆ కథనే నేడు మీకు విన్నవింపదలచితిని.

1985 వ సంవత్సరము, జూన్ నెల 23 వ తేదీ. 'కనిష్క' అను పేరుగల ఎయిరిండియా విమానము కెనడాదేశపు మాంట్రియల్ నుండి లండను మీదుగా ఢిల్లీకి వచ్చుచుండెను. అందు సిబ్బందితో కూడ 329 మంది కలరు. అవి వేసవి సెలవుల దినములు. కెనడాలో స్థిరపడిన మనదేశపువారు పిల్లలను వెంటబెట్టుకొని తాతలను, అవ్వలను చూచుటకై బయలుదేరిరి. పిల్లలే ఎనుబదిమందికి పైగా నుండిరి. వాంకూవరు నగరమున నొకడు తన పెట్టెను ఈ ప్రయాణమునకై అప్పగించి, తాను మాత్రము విమానమెక్కక తొలగిపోయెను. ఆ పెట్టెలో నున్నది బాంబు. ఐర్లండు తీరమునకు సుమారు 190 కిలోమీటర్ల దూరమున, 31,000 అడుగుల ఎత్తున అది ప్రేలినది. ఒక్కరును బ్రదుకలేదు. అదేదినమున జపానులోని నరిటా విమానాశ్రయమున మరియొక పెట్టె ప్రేలి, సామానులు దింపు పనివారిద్దరు మడిసిరి.

ఐర్లండు నౌకలును, ఆ దారిని పోవుచుండిన వర్తకపుటోడలును వెదకగా, 131 దేహములు మాత్రమే దొరకినవి. వానిని కార్కు పట్టణపు ఆసుపత్రికి చేర్చిరి. తక్కిన దాదాపు రెండువందలమందిని సముద్రమే ఉంచుకొన్నది. దేహము దొరకనిచో మన శాస్త్రము 360 మోదుగాకుల కాడలతో మనుష్యాకృతి చేసి దహింపుమన్నది. విధి యున్నంత మాత్రమున కడుపుకోత తీరునా? తల్లికి బిడ్డ ముఖమును కడసారి చూడవలెనని యుండును. కనుక బంధువులు దేశదేశములనుండి ఆ తీరమునకు వచ్చిరి. వారిది వేరు మతము, వేరు ఆచారము, వేరు భాష. అయినను అచ్చటి జనులు తలుపులు తెరచి ఇండ్లలో చోటిచ్చిరి, అన్నము పెట్టిరి, ప్రక్కన కూర్చుండిరి. దుఃఖించువాని ప్రక్కన ఊరక కూర్చుండుటకు భాష యక్కరలేదుగదా!

అంతటితో వారు ఊరకుండలేదు. ఏడాది తిరుగునప్పటికి, 1986 జూన్ 23 నాటికే, అహకిస్టా యను చిన్న పల్లెలో సముద్రమున కెదురుగా స్మారకము వెలసెను. అది పెద్ద మందిరము కాదు, గోపురము కాదు. చిన్న తోట, ఱాతిగోడ, నడుమ నొక నీడగడియారము. కార్కు శిల్పియైన కెన్ థామ్సన్ దానిని నిర్మించెను. అన్నవరము కొండమీది నీడగడియారమును మీలో అనేకులు చూచియుందురు. ఇదియు ఆ జాతిదే. మామూలు గడియారమునకు తాళమిచ్చువా డొకడుండవలెను. వాడు మరచిన అది నిలిచిపోవును. నీడగడియారమునకు సూర్యుడే తాళము. ఏటేట జూన్ 23 న ఉదయము 8 గంటలు దాటిన కొద్ది నిమిషములకు, అనగా ఆ ఘోరము జరిగిన వేళకు, బంధువులును ఊరివారును అచ్చట కూడి మౌనము వహింతురు. సముద్రమున పూలు విడుతురు.

మరణించినవారి పేళ్ళు అచ్చట ఱాతిపై చెక్కబడియున్నవి. నేను ముప్పదియైదేండ్లు బడిలో హాజరుపట్టీ చదివినవాడను. పేరు పిలిచినంతనే పిల్లవాడు పలుకవలెను. పలుకకున్న ఎందుకు రాలేదని విచారించి ఇంటికి కబురంపుట ఉపాధ్యాయుని విధి. పేరు పిలుచుటయనగా ఆ మనిషినిగూర్చి లెక్క యడుగుట. ఆ ఱాతిపట్టీలో పలుకువారు లేరు. కాని అడుగువారు మిగిలియుండవలెను. 329 అని అంకె వేసినచో అది లెక్క మాత్రమే. పేళ్ళు చదివినచో, ఒకే ఇంటిపేరు వరుసగా మూడుసార్లు, నాలుగుసార్లు వచ్చినచోట, ఒక కొంప ఎట్లు కూలినదో తెలియును.

ఇక రెండవ వైపు చూడుడు. మరణించినవారిలో 268 మంది కెనడా పౌరులు. అట్లయ్యు నాటి కెనడా ప్రధాని తన ప్రజలను ఓదార్పక, భారతప్రధానికి ఫోను చేసి సానుభూతి తెలిపెను. తమ గడ్డపై పుట్టి పెరిగిన పిల్లలను సైతము ఆ దేశము పరాయివారిగా నెంచెనని తలిదండ్రులు వాపోయిరి. కొడుకు పోయిన దుఃఖమొకటి. 'వాడు మావాడు కాడు' అని తన దేశమే యన్న దుఃఖము మరొకటి. ఏ సంబంధమును లేని పల్లె ఏడాదిలో చేసినపనికి, సొంతదేశమునకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. 2007 లో టొరంటోలోను, వాంకూవరులోను, 2011 లో మాంట్రియల్‌లోను స్మారకములు నిలిచినవి. వాంకూవరు స్మారకమున పిల్లల ఆటస్థలము కూడ కలదు. జాన్ మేజర్ అను మాజీ న్యాయమూర్తి విచారణసంఘము 2010 లో తన నివేదిక నిచ్చి, ఇది కెనడాకే జరిగిన ఘోరమని తేల్చెను. ఆ యేడే జూన్ 23 న ప్రధాని హార్పరు బంధువులకు క్షమాపణ చెప్పెను. అప్పటికి ఆ క్షమాపణకై ఎదురుచూచిన తలిదండ్రులు పలువురు కాలగతి నొందిరి.

"పోయినవారికి తిలోదకములు చాలవా? ఱాయి యెందుకు?" అని మీరడుగవచ్చును. తిలోదకములు గోత్రమువా రిత్తురు. కాని మన తర్పణవిధిలో బంధువులకే గాక, బంధువులు కానివారికిని నీరు విడుచు ఘట్టమొకటి కలదు. ఆ మంత్రమును నేనెన్నో యేండ్లు వల్లించితిని. దాని యర్థము అహకిస్టా కథ చదివిన పిమ్మటనే నా మనస్సున కెక్కినది. మంత్ర మెరుగనివారు దాని నాచరించిరి; ఎరిగిన నేను వల్లించితిని.

ఈ విపత్తు దూరదేశములకే పరిమితము కాదు. 2007 ఆగస్టు 25 సాయంకాలమున మన హైదరాబాదులో లుంబినీ ఉద్యానవనమునందును, కోఠీలోని గోకుల్ చాట్ అంగడియందును బాంబులు ప్రేలి నలువదిమందికి పైగా మరణించిరి. వినోదము చూడవచ్చినవారు, చిరుతిండి తినవచ్చినవారు. వారి పేళ్ళలో మన కెన్ని తెలియును? నాకు ఒక్కటియు తెలియదు. ఇరుగుపొరుగున జరిగినదానిని మరచి పరదేశపు కథ చెప్పుచున్నానే యని నాకే సిగ్గు కలుగుచున్నది.

పెద్దలారా, మీ గ్రామములో బడిగోడయో, రచ్చబండయో లేకపోదు. మీ ఊరివారెవరైన ఇట్టి దుర్మరణము పాలైనచో, వారి కులమేదియని, పక్షమేదియని విచారింపక, పేరును తేదీని అచ్చట చెక్కింపుడు. ఏటికొకమారు పిల్లలచేత ఆ పేరు చదివింపుడు. చంపినవాని పేరు ఆ ఱాతిపై నుండనక్కరలేదు. వానికి న్యాయస్థాన మున్నది. ఱాయి చనిపోయినవారిది.

సెలవు.