ప్రేమవిందుకు ఆలస్యంగా వచ్చినవారు



ప్రేమవిందు అంటే బెంగళూరులో మన తెలుగు సంఘానికి ఎంతో ఇష్టం. ఆరాధన ముగియగానే బిర్యానీ గిన్నె మూత తీస్తాం. ఒంటిగంటన్నరకల్లా గిన్నె ఖాళీ. కర్నూలు, పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ అపార్ట్‌మెంట్లు కడుతున్న మనవాళ్లు రెండింటికి వస్తారు. ఆదివారం కూడా వాళ్లకి ఒకపూట పని. మేస్త్రీ వారం కూలి లెక్కచూసి చేతిలో పెట్టేదాకా కదలడానికి లేదు. పోయిన నెల వాళ్లకు మిగిలింది పెరుగన్నమే. "పర్వాలేదయ్యగారూ, తినే వచ్చాం" అంది ఒక అక్క. ఆమె చంకలో బిడ్డ మాత్రం ఖాళీ గిన్నె వైపే చూస్తున్నాడు.

కొరింథు సంఘంలోనూ ఇదే జరిగింది. కొందరు ముందే తినేశారు, కొందరు ఆకలితో ఉండిపోయారు. పౌలు దాన్ని చిన్న పొరపాటుగా తీసుకోలేదు. పేదలను సిగ్గుపరుస్తున్నారు, ఇది ప్రభువు భోజనమే కాదు అన్నాడు. మొదటి కొరింథీ 11వ అధ్యాయం ఇంటికి వెళ్లాక చదవండి.

2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, బిల్డర్లతో మాట్లాడిన తర్వాత కర్ణాటక ప్రభుత్వం వలస కూలీల రైళ్లు రద్దు చేసింది. విమర్శలు వచ్చాక మళ్లీ నడిపింది. వాళ్ల చేతులు కావాలి గాని మనుషులు అక్కర్లేదా అని అప్పుడు మనమే అడిగాం. ఆ ప్రశ్న ఇప్పుడు మన వంటగిన్నె దగ్గరికి వచ్చింది.

వచ్చే నెల నుంచి విందు మూడు గంటలకు. పిల్లలకు, షుగరున్న పెద్దలకు ముందే కాస్త ఉప్మా పెడదాం. ఏం వండాలో ఆ అక్కనే అడిగాం. జొన్నరొట్టె, వంకాయ కూర అంది, తానే వచ్చి రొట్టెలు చేస్తానంది. యువకులారా, పిండి మీలో ఎవరు తెస్తారు?