జూబిలీ సిస్టర్లు – మన వంతు లెక్క
(మఠకన్యల జూబిలీ సభలో విశ్వాసుల తరపున చదివిన ప్రసంగ పాఠం)



జూబిలీ ఆచారం మనకు పాత నిబంధన నుండి వచ్చింది. లేవీయకాండము 25వ అధ్యాయంలో దాని విధులున్నాయి. 50వ ఏట కొమ్ముబూర ఊదేవారు. ఆ ఏడు పొలంలో విత్తనం వేయకూడదు. అమ్ముడుపోయిన భూమి తిరిగి అసలు కుటుంబానికి చేరాలి. పేదరికం వల్ల తన్ను తాను అమ్ముకున్నవాడు విడుదలై తన ఇంటికి పోవాలి. అంటే జూబిలీ పండుగే కాదు, ఎవరిది వారికి అప్పగించే సంవత్సరం కూడా. మన సిస్టర్లకు మనం అప్పగించవలసినది ఏమిటి? పూలదండ, శాలువా ఇచ్చాము. అంతటితో సరిపోయిందా? ఇదే మేము మీ ముందు పెట్టదలచిన మాట.

మఠకన్య జూబిలీని ఏ రోజు నుండి లెక్కిస్తారో గమనించండి. బడిలో పాఠం మొదలుపెట్టిన రోజు నుండి కాదు, ఆస్పత్రిలో చేరిన రోజు నుండి కాదు. మొదటి మాటపట్టు ఇచ్చిన రోజు నుండి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మనం సులువుగా అనేస్తాం. ఆచరణలో వాటి అర్థం వేరు. టీచరుగానో నర్సుగానో పనిచేసి జీతం తెచ్చినా అది సభకే చెందుతుంది. పదేళ్లు ఒక ఊరిలో ఉండి, ప్రతి ఇంటి గడపా తెలిసిన తరువాత బదిలీ ఉత్తరం వస్తే పెట్టె సర్దుకొని బయలుదేరాలి. కొత్త ఊరిలో మళ్లీ మొదటి నుండి మొదలు. బదిలీ అయిన సిస్టరమ్మతో పాటు ఆమె చేసిన పని జ్ఞాపకం కూడా ఊరు దాటిపోతుంది. మేము చెప్పదలచిన లెక్క ఇక్కడే ఉంది.

మన నెల్లూరు పీఠం 1928 జూలై 3న మద్రాసు అగ్రపీఠం నుండి విడివడి ఏర్పడింది. మిల్‌హిల్ సభ గురువులు ఇక్కడ పాటుపడ్డారు. మొదటి మేత్రాణులు విలియం బౌటర్ గారు. 1940 వరకు గుంటూరు ప్రాంతం, 1976 వరకు కడప ప్రాంతం మన పీఠంలోనివే. కనుక ఫిరంగిపురం, గుంటూరుల కథ మన కథలో భాగమే. ఆ ప్రాంతాల నుండి ఇద్దరు స్త్రీలను తలచుకుందాం.

జ్ఞానమ్మ గారు 1822లో ఫిరంగిపురంలో పుట్టారు. వివాహమై, అయిదుగురు బిడ్డల తల్లి అయ్యారు. 1859లో భర్తను పోగొట్టుకున్నారు. విధవరాలు మూలన కూర్చోవలసిన ఆ కాలంలో, ఇప్పుడు తమిళనాడులో ఉన్న కీళచ్చేరిలో ఆడపిల్లలకు చదువు చెప్పించడానికి పూనుకున్నారు. 1863లో అక్కడ, 1874లో తన పుట్టినూరు ఫిరంగిపురంలో, అన్నమ్మగారి పేరిట మఠకన్యల సభలకు మూలమయ్యారు. ఆ 1874 డిసెంబరులోనే కన్నుమూశారు.

జ్ఞానమ్మ గారు పుట్టిన 1822లోనే హాలండు దేశంలో యేసు మరియ జోజప్ప సభ పుట్టింది. ఆ సభ సిస్టర్లు 1904లో గుంటూరు చేరారు. 1920లో ఆస్ట్రేలియా నుండి డాక్టర్ మేరీ గ్లౌరీ గారు వచ్చి ఆ సభలో చేరారు. మఠకన్యలు వైద్యం చేయడమే అరుదైన ఆ రోజులలో పోపుగారి అనుమతితో ఆమె గుంటూరులో రోగులకు సేవ చేశారు. 1943లో కతోలిక ఆస్పత్రుల సంఘానికి పునాది వేశారు. 1957లో కన్నుమూశారు.

శ్రీసభ మేరీ గ్లౌరీ గారిని 2013లో, జ్ఞానమ్మ గారిని 2014లో దైవసేవకురాళ్లుగా ప్రకటించింది. జ్ఞానమ్మ గారు మరణించి అప్పటికి సుమారు 140 ఏళ్లు. అన్నేళ్ల తరువాత విచారణ జరపాలంటే కాగితాలు కావాలి, ఉత్తరాలు కావాలి, పెద్దలు చెప్పగా రాసిపెట్టిన సాక్ష్యాలు కావాలి. ఎవరో శ్రద్ధగా దాచి ఉంచారు కనుకనే ఆ తల్లుల జీవితాలు మన దాకా వచ్చాయి.

ఇక మన తీరం సంగతి. ఈ రోజు స్వర్ణోత్సవం జరుపుకుంటున్న సిస్టర్లు 1970లలో మాటపట్టు ఇచ్చినవారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చింది. 1979 మే, 1984 నవంబరు, 1989 నవంబరు తుఫానులు మన నెల్లూరు తీరాన్ని దెబ్బకొట్టాయి. 2004 డిసెంబరు 26న, క్రిస్మసు మరునాడే, సునామీ వచ్చింది. ఎంత బియ్యం పంచారో, ఎన్ని ఇళ్లు పడ్డాయో ఆఫీసు కాగితాలలో దొరుకుతుంది. తడిసిన బాలింత పక్కన రాత్రంతా కూర్చున్నది ఎవరో, తల్లిని పోగొట్టుకున్న బిడ్డను మళ్లీ బడికి నడిపించింది ఎవరో ఏ కాగితం చెబుతుంది?

మన జ్ఞానస్నాన పుస్తకం తెరిచి చూడండి. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, గురువుగారి సంతకం ఉంటాయి. అది సరైన పద్ధతే. కాని ఆ బిడ్డకు జపాలు నేర్పిన సిస్టరమ్మ పేరు రాయడానికి అందులో గడి లేదు. అందుకు వేరే పుస్తకం కావాలి.

“మా పేర్లెందుకండీ, దేవునికి తెలిస్తే చాలు” అని సిస్టర్లు అంటారు. వారి వినయానికి అది తగును. అయితే ఆ పుస్తకం వారి కోసం కాదు, మన ఆడపిల్లల కోసం. ఇంటికి ఒకరిద్దరు బిడ్డలే ఉన్న ఈ కాలంలో కూతురిని మఠానికి పంపడం తల్లిదండ్రులకు మునుపటికన్నా బరువైన సంగతి. దేవుని పిలుపు తనకుందేమోనని ఆలోచించే పిల్లకు ఆ జీవితంలో కష్టమేమిటో, తృప్తి ఏమిటో నిజంగా తెలియాలి. ఊరిలో ఎవరూ చెప్పకపోతే, పుస్తకంలోనూ లేకపోతే ఆమెకు ఎలా తెలుస్తుంది? తెలిసి “అవును” అన్నా, తెలిసి “కాదు” అన్నా మంచిదే. తెలియక మానుకోవడం మాత్రం మంచిది కాదు.

కనుక ప్రతి విచారణకు మా మనవి ఇది. ఒక గట్టి అట్ట పుస్తకం కొనండి. మన ఊరిలో పనిచేసిన ప్రతి సిస్టరు పేరు, పుట్టిన ఊరు, వచ్చిన ఏడు, వెళ్లిన ఏడు, చేసిన పని రాయండి. ఆమె దగ్గర చదివినవారిని, ఆమె చేతి మందు తిన్నవారిని కూర్చోబెట్టి అడగండి. సెల్‌ఫోనులో వారి మాటలు పట్టండి, ఆ తరువాత కాగితం మీదకు ఎక్కించండి. మన ఊరి నుండి మఠానికి వెళ్లి దూరదేశాలలో సేవ చేస్తున్న బిడ్డల పేర్లు కూడా చేర్చండి. వజ్రోత్సవ సిస్టర్లు ఈ రోజు మన మధ్యనే ఉన్నారు. భోజనాలయ్యాక వారి పక్కన ఒక గంట కూర్చుంటే మొదటి పేజీ నిండుతుంది.

2028 జూలై 3కు మన పీఠానికి నూరేళ్లు నిండుతాయి. ఆ రోజు దివ్యపూజలో కానుకలు తెచ్చే వేళ, అప్పముతో, ద్రాక్షరసముతో పాటు ప్రతి విచారణ నుండి ఈ పుస్తకం కూడా పీఠం ముందుకు రావాలని మా కోరిక.

ప్రియమైన సిస్టర్లారా, మీరు లెక్క చూడక ఇచ్చారు. మేము మాత్రం లెక్క రాసి ఉంచుతాము. మరియతల్లి, జోజప్పగారు మీకు తోడుగా ఉందురు గాక! దేవుడు మీకు ఆయురారోగ్యములు ప్రసాదించును గాక!