సర్వో పెట్టగానే మోటార్ ఎందుకు ఆగింది?

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో నన్ను రాత్రంతా కూర్చోబెట్టిన ప్రాబ్లమ్ ఒకటి చెప్తాను.

తెల్లారితే డెమో. అడ్డం వస్తే తప్పుకునే రోబో. ఆర్డ్యుయినో ఊనో, రెండు మోటార్లు, వాటి స్పీడ్ వైర్లు 9, 10 పిన్నులకి. అప్పటిదాకా బాగానే నడిచింది. సెన్సార్ తిప్పడానికి 4వ పిన్నుకి సర్వో కలిపాం, అంతే. స్పీడ్ 255 ఇస్తే పరిగెడుతుంది, 150 ఇస్తే కదలదు! కోడ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. వైరింగ్ చేసింది మా ఫ్రెండ్ కాబట్టి వాడి మీద అరిచాను. పాపం, వాడు డ్రైవర్ బోర్డు కూడా మార్చాడు.

తప్పు వైర్లది కాదు. ఊనోలో ఉండే ఏటీమెగా328పీ చిప్‌లో టైమర్లు మూడే. 9, 10 పిన్నుల పీడబ్ల్యూఎం నడిపేది టైమర్1. సర్వో లైబ్రరీ వాడేదీ అదే. సర్వోని ఏ పిన్నుకి పెట్టినా సరే, అటాచ్ అనగానే టైమర్1ని తన పద్ధతిలోకి మార్చేసుకుంటుంది. 255 అంటే పిన్ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, దానికి టైమర్‌తో పనిలేదు. అందుకే అదొక్కటీ పనిచేసింది.

మోటార్ వైర్లు 5, 6కి మార్చాం. అవి టైమర్0వి. మిల్లిస్ నడిచేదీ దానిమీదే, కాబట్టి దాని సెట్టింగులు మాత్రం కెలక్కండి. 3, 11 కూడా వాడొచ్చు. కాకపోతే బజర్‌కి టోన్ ఫంక్షన్ పెడితే వాటి టైమర్2 అటు పోతుంది.

మూడింటికి రోబో మెల్లగా కదిలింది. వాడికి సారీ చెప్దామని చూస్తే, టేబుల్ మీదే తలపెట్టి నిద్రపోతున్నాడు.