మౌనం అర్ధాంగీకారం కాదు
(కరీంనగర్‌లో జరిగిన ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



'మౌనం అర్ధాంగీకారం' అని మన తెలుగులో ఒక నానుడి ఉంది. పెళ్లి సంబంధాల వేళ ముచ్చటగా చెప్పుకునే ఈ మాట అత్యాచారానికి గురైన స్త్రీ పాలిట శాపమవుతున్నది. "ఎందుకు అరవలేదు? ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?" అనే ప్రశ్నల వెనుక ఉన్నది ఈ భావనే.

1978లో హైదరాబాదులో జరిగిన రమీజాబీ ఉదంతం ఇక్కడి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. భర్తతో కలిసి సినిమా చూసి వస్తున్న ఆమెను నల్లకుంట పోలీసు స్టేషనుకు తీసుకువెళ్లారు. ఆమెపై పోలీసులు అత్యాచారం చేశారనీ, రిక్షా కార్మికుడైన ఆమె భర్త అహ్మద్ హుసేన్ మరణానికి వారే కారకులనీ జస్టిస్ ముక్తదర్ కమిషన్ తేల్చింది. అయితే ఆ విచారణలో పోలీసుల పక్షాన వాదించినవారు ఆమె నడవడికనూ, ఆమె నికాహ్ చెల్లుబాటునూ ప్రశ్నించారు. కేసు రాయచూరుకు బదిలీ అయి, 1981లో నిందితులు నిర్దోషులుగా విడుదలయ్యారు.

ఈ కేసుపైనా, మహారాష్ట్రలోని మథుర అనే ఆదివాసీ బాలిక కేసుపైనా రేగిన ఆందోళనల ఫలితంగా 1983లో చట్టం మారింది. పోలీసు నిర్బంధంలో లైంగిక చర్య జరిగినట్లు రుజువై, తాను సమ్మతించలేదని బాధితురాలు చెబితే, కోర్టు ఆ మాటనే ప్రమాణంగా తీసుకోవాలి. 2013 సవరణ మరింత స్పష్టతనిచ్చింది. సమ్మతి అంటే మాటతోగాని సైగతోగాని స్వేచ్ఛగా, స్పష్టంగా తెలిపే అంగీకారం. ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంతో సమ్మతించినట్లు భావించరాదు. నేటి భారతీయ న్యాయ సంహిత చెబుతున్నదీ ఇదే.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. తన ఇష్టానికి వ్యతిరేకంగా తండ్రి నికాహ్ చేశాడని ఖన్సా బిన్తె ఖిదామ్ విన్నవించగా, దైవప్రవక్త (స) ఆ నికాహ్‌ను రద్దు చేశారు.

ప్రాణభయం కలిగినప్పుడు చాలామందికి శరీరం కొయ్యబారిపోతుంది, గొంతు పెగలదు. జరిగినది తరువాత వరుసగా గుర్తుకు రాకపోవచ్చు. ఒక వాసనో, ఒక గొంతో మాత్రం వెంటాడుతుంది. అందుకే బాధితురాలి కథనం ఒక్కోసారి ముక్కలు ముక్కలుగా వస్తుంది. అది మనోగాయపు లక్షణం. దానిని అబద్ధానికి ఆనవాలుగా ఎంచడం అన్యాయం.

ఇక మన ఉమ్మడి ఆదిలాబాద్ సంగతి. 2024 ఆగస్టు చివరలో జైనూర్ ప్రాంతంలో ఒక ఆదివాసీ మహిళ తీవ్ర గాయాలతో స్పృహలేని స్థితిలో కనిపించింది. మొదట రోడ్డు ప్రమాదమనుకున్నారు. స్పృహ వచ్చిన తరువాత, తనపై అత్యాచారయత్నం జరిగిందని ఆమె చెప్పింది. నిందితుడు ముస్లిం ఆటో డ్రైవరు. సెప్టెంబరు 4న జైనూర్‌లో ముస్లింల దుకాణాలు తగలబడ్డాయి. ఏ పాపమూ ఎరుగనివారి జీవనోపాధిని కాల్చడం ఘోరం. దానికి పరిహారం అడగడం మన హక్కు. కాని మన వినతిపత్రాలలో ఆ తల్లి గాయానికి ఎన్ని వాక్యాలు దక్కాయి? రమీజాబీ మాట నమ్మమని లోకాన్ని కోరిన మనం ఆమె మాట కూడా వినాలి. నేరం తేల్చేది న్యాయస్థానం. సొంతవారికి ప్రతికూలమైనా న్యాయం పక్షాన నిలవాలన్నది అన్నిసా సూరా 135వ ఆయతు ఆదేశం.

మన ఇంటి ఆడబిడ్డ నోరు విప్పిననాడు ముందుగా "నీ తప్పేమీ లేదు" అనండి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. 181కు ఫోను చేస్తే సఖి కేంద్రం సహాయం అందుతుంది. ఖాన్‌దాన్ ఇజ్జత్ పేరుతో రాజీ కుదిర్చే పెద్దరికాన్ని మాత్రం మస్జిద్ కమిటీల పెద్దలు ఇకనైనా మానుకోవాలని చేతులు జోడించి కోరుతున్నాను.