చదువైపోయాక ఒక ఏడాది

జై సేవా!

పిల్లలూ, ఎదురుపడితే మనం ముందుగా అనే మాట ఇదే. ఫోన్ ఎత్తినా ఇదే, సభలో మైకు పట్టినా ఇదే. ఇందులో సేవ అనే మాటను పట్టుకొని ఒక్క పూటైనా ఆలోచించామా అంటే, మా వరకు మేము లేదనే ఒప్పుకోవాలి. యువతతో మాట్లాడమని సంఘం పెద్దలు అడిగినప్పుడు ముందు ఇదే గుర్తొచ్చింది.

డిగ్రీ అయిపోయి, సర్టిఫికెట్ల పని మీద మా హాస్టల్‌కు వచ్చే పాత పిల్లలను మేము ఎప్పుడూ ఒకే ప్రశ్న అడుగుతాం. ఏం చేస్తున్నావు బిడ్డా? జవాబు కూడా ఒకటే. నోటిఫికేషన్ కోసం చూస్తున్నా మేడం. అలా చూస్తూ చూస్తూ ఒక ఏడాది పోతుంది, ఒక్కోసారి మూడేళ్లు పోతాయి. ఆ ఏడాది గురించే ఈ నాలుగు మాటలు.

దూర దేశం సంగతి ఒకటి చెబుతాం. అలాస్కా అమెరికాకు ఉత్తరపు కొసన ఉంటుంది. అక్కడ కాపర్ నది లోయ ఆత్నా అనే ఆదివాసీల నేల. చలికాలంలో సున్నాకు నలభై డిగ్రీల దిగువకు పోయే చోటు. అక్కడ 1956లో జెసూట్ ఫాదర్లు, సెయింట్ ఆన్ సిస్టర్లు కలిసి కాపర్ వ్యాలీ స్కూల్ అనే బోర్డింగ్ బడి తెరిచారు. మన ఆశ్రమ పాఠశాల లాంటిదే అనుకోండి. పిల్లల్లో ఎక్కువమంది దూరదూరపు ఆదివాసీ గ్రామాల వాళ్లు. జీతాలిచ్చి టీచర్లను పెట్టుకునే స్తోమత లేదు. అప్పుడే కాలేజీ చదువు ముగించిన కొందరు యువతీయువకులు జీతం లేకుండా ఒక ఏడాది అక్కడుంటామని వచ్చారు. పాఠాలు చెప్పారు, వంట చేశారు, పిల్లలతోనే ఉన్నారు. జెసూట్ వాలంటీర్ కోర్ అనే సంస్థ అలా పుట్టింది. తరువాత అది అమెరికా నగరాలకూ, ఇతర దేశాలకూ పాకింది. చదువు ముగించిన పిల్లలు కొందరు ఒకే ఇంట్లో కలిసి ఉంటారు. తిండికీ బస్సు ఖర్చుకూ సరిపడా కొద్దిపాటి డబ్బు ఇస్తారు. పగలు ఇల్లు లేనివాళ్ల ఆశ్రయాల్లోనో, పేదల తరఫున వాదించే లాయర్ల ఆఫీసుల్లోనో, బడుల్లోనో పని. రాత్రి అందరూ కలిసి వండుకొని తింటారు, ప్రార్థన చేసుకుంటారు, ఆ రోజు చూసింది చెప్పుకుంటారు. భక్తి, సాదా బతుకు, కలిసి ఉండడం, సామాజిక న్యాయం, ఈ నాలుగే వాళ్ల కట్టుబాట్లు. ఆ ఏడాది చేసి వచ్చినవాళ్లు తమను తాము జన్మకంతా చెడిపోయామని నవ్వుతూ చెప్పుకుంటారట. అంటే, మళ్లీ పాత కళ్లతో లోకాన్ని చూడడం ఇక వాళ్ల వల్ల కాదని.

ఇంతవరకే చెప్పి ఆపితే సగం చెప్పినట్టే. మేము హాస్టల్ నడిపేవాళ్లం కదా, మిగతా సగం మాకు ఇంకా ముఖ్యం.

కాపర్ వ్యాలీ స్కూల్ 1971లో మూతపడింది. ఆ రోజుల్లో అలాస్కాలో చాలా ఆదివాసీ ఊళ్లలో హైస్కూల్ లేదు. పైచదువు కావాలంటే పిల్ల ఇల్లు విడిచి వందల మైళ్లు పోవాలి. కొందరినైతే రాష్ట్రం దాటించి ఆరిగన్, ఓక్లహోమా దాకా పంపారు. యూకాన్ నది దగ్గరి ఎమ్మొనాక్ ఊరికి చెందిన యూపిక్ ఆదివాసీ అమ్మాయి మాలీ హూచ్ పేరుతో 1972లో కోర్టులో కేసు పడింది. మా ఊళ్లోనే మాకు హైస్కూల్ ఎందుకుండదు అన్నదే ప్రశ్న. 1976లో ప్రభుత్వం రాజీకి వచ్చింది. 126 ఊళ్లలో, ఊరివాళ్లు కావాలంటే హైస్కూల్ పెట్టడానికి ఒప్పుకుంది.

చూశారా? దూరం నుంచి వచ్చిన పిల్లల కోసం ఆ వాలంటీర్లు ప్రేమతోనే కష్టపడ్డారు, దాన్ని మేము తక్కువ చేయం. కానీ బిడ్డను తల్లి నుంచి అంత దూరం ఎందుకు పంపాలి అన్న మాట కోర్టు దాకా పోయింది మాత్రం ఊళ్ల నుంచే. అన్నం వడ్డించడం సేవ. ఈ బిడ్డకు ఇంటి దగ్గర అన్నం, చదువు ఎందుకు లేవని అడగడం న్యాయం. ఏడాది ఇచ్చేవాళ్లు రెండూ చేయాలి.

ఇంకొక చేదు సంగతి కూడా ఉంది. ఆ ఫాదర్ల ఆరిగన్ ప్రావిన్స్ కింద నడిచిన బడుల్లో, చర్చిల్లో చిన్నపిల్లల మీద జరిగిన అఘాయిత్యాలకు 2011లో సుమారు 16 కోట్ల 60 లక్షల డాలర్ల పరిహారానికి ఒప్పందం జరిగింది. బాధితుల్లో చాలామంది ఆదివాసీలే. అందుకే దేవుడి పేరుతో వచ్చినా, సేవ పేరుతో వచ్చినా, మన వాళ్లే వచ్చినా, రాత్రిపూట పిల్లల గదుల్లోకి ఒంటరిగా పోయే వీలు మా హాస్టల్‌లో ఎవరికీ లేదు. ఈ మాటకు నొచ్చుకునేవాళ్లను మేము రానివ్వం.

ఇక మన దగ్గరి సంగతి. కొన్నేళ్ల కింద మా హాస్టల్‌లోనే చదివిన ఒక కొలాం అమ్మాయి బీఎస్సీ అయ్యాక వచ్చి, ఒక ఏడాది మీతో ఉంటా మేడం అంది. మేము మొదట నమ్మలేదు. పట్నం నుంచి పది రోజులకొచ్చి నోటుబుక్కులు పంచి ఫోటోలు దిగి పోయినవాళ్లను చూసి ఉన్నాం మరి. సరే ఉండు అన్నాం.

ఆ వానకాలం మూడో తరగతిలో చేరిన ఒక చిన్నపిల్ల చీకటి పడగానే ఏడ్చేది. ఇంటి మీద బెంగ అనుకున్నాం. బిస్కెట్ ఇచ్చాం, ఎత్తుకున్నాం. మాకు గోండీ వచ్చు గానీ కొలామీ రాదు. ఈ అమ్మాయి పక్కన కూర్చొని రెండు మాటలు అడిగింది. బెంగ కాదు, చెవిపోటు. అప్పటికి నాలుగో రోజు. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోతే చెవిలో చీము పట్టిందన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో మాకు అంత సిగ్గేసిన రోజు ఇంకోటి లేదు.

పిల్లకు నయమయ్యాక ఈ అమ్మాయి మమ్మల్ని నిలదీసింది. ఇంతమంది కొలాం పిల్లలున్న హాస్టల్‌లో కొలామీ వచ్చిన మనిషి ఒక్కరు కూడా ఎందుకు లేరు మేడం? మా దగ్గర జవాబు లేదు. తనే దరఖాస్తు రాసింది, గూడేలు తిరిగి తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు తెచ్చింది, ఆఫీసు చుట్టూ తిరిగింది. ఏడాది చివరికి దినకూలీ మీద ఒక కొలాం ఆయా వచ్చింది. పర్మనెంట్ పోస్టు మాత్రం ఇంకా రాలేదు.

దీనికి ఆ అమ్మాయి ఏమీ పోగొట్టుకోలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ ఏడాది కోచింగ్‌కు పోలేదు, పరీక్ష రాసినా ఉద్యోగం రాలేదు, మళ్లీ రాస్తోంది. వాళ్ల నాన్న మా వరండాలో నిలబడి, చదివించింది హాస్టల్‌లో అన్నం వడ్డించడానికా అని అడిగాడు. ఆయన కోపం న్యాయమైనదే. పత్తి చేనులో ఇద్దరి పని ఒక్కడే చేసుకున్నాడు.

ఈ మాట పిల్లలకే చెప్పి ఊరుకుంటే కుదరదు, సంఘానికీ చెప్పాలి. గంగాజలం కోసం మెస్రం వాళ్లు చెప్పుల్లేకుండా గోదావరి దాకా నడిచిపోతారు. అన్ని రోజుల కూలీ పోయిందని ఎవరైనా లెక్కేస్తారా? అది మొక్కు. కేస్లాపూర్‌లో నాగోబాకు తమ చందాలతోనే రాతి గుడి కట్టుకున్నారు. అంత చేయగల మనం, మొక్కులాగే ఒక ఏడాది ఇస్తామనే నలుగురు పిల్లలకు ఒక గది, బియ్యం, నెలకు చేతిఖర్చు ఇవ్వలేమా? 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ మొదలుపెట్టిన శిక్షణ కేంద్రంలో చదువుకొని టీచర్లయింది మన గోండు యువకులే. పని చేసేవాళ్లు మన దగ్గర పుట్టరనేది ఒట్టి మాట. చర్చికి పోయే పిల్లలు, భజన మండళ్లలో ఉన్న పిల్లలు కూడా మనలో ఉన్నారు. ఎవరి దేవుడికి వాళ్లు మొక్కుకొని రావచ్చు, పని ఒకటే.

పని అంటే ఏమిటంటారా? కుల ధ్రువీకరణ పత్రం రాక బడి ఆగిన పిల్లలున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టుకున్న దరఖాస్తు ఎక్కడుందో తెలియని పెద్దవాళ్లున్నారు. ఇంటి భాష తప్ప వేరే భాష రాక తరగతిలో మూగగా కూర్చునే చిన్నపిల్లలున్నారు. ముందు ఈ చివరిదే పట్టుకుందామని మా ఆశ.

పత్తి ఏరడం అయిపోయాక మొదటి ఆదివారం మా హాస్టల్ వరండాలో కూర్చుందాం. మీ అమ్మానాన్నలను కూడా వెంట తీసుకురండి. అసలు ప్రశ్నలు అడిగేది వాళ్లే. ఆ కొలాం అమ్మాయి కూడా వస్తానంది, వాళ్ల నాన్న వస్తాడో లేదో చెప్పలేదు. మధ్యాహ్నం అన్నం మా మెస్‌లోనే. ఎంతమంది వస్తారో ఒకరోజు ముందు చెప్పండి, వంటవాళ్లు ఇద్దరే ఉన్నారు.